ఎడంచేతి ముడి

అక్క పోయిన సంగతి నాకు పాలు పోసే మనిషి చెప్పాడు. అప్పటికే ఆమె పోయి నాలుగు గంటలైంది. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు. అయినా నా తలుపు తట్టి చెప్పాలని పాళెంలో ఎవరికీ అనిపించలేదు. "మీకు తెలీదా సారూ? తెల్లారేతలికే పోయినాదంట" అని ఆయన పాలు పోసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నాకు కబురు పంపకపోవడంలో న్యాయం ఉంది. ఆ న్యాయమేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు సాధారణంగా శవం తలాపున పెట్టే దీపం వెలుగులో తమ ముఖం కూడా కాస్త కనబడేలా చూసుకుంటారు. గ్రంథాలయంలో కూర్చుని అలాంటివి వందల కొద్దీ చదివాను. ఈ వెలుగులో నా ముఖం కనబడుతుంది గానీ, చూసి మురిసిపోయేలా ఉండదు.

మా ఊరు ముత్తుకూరుకూ తోటపల్లి గూడూరుకూ మధ్య, సముద్రానికి అరమైలు ఇవతల. నేను బుచ్చిరెడ్డిపాళెం వైపు వరి పండించేవాళ్ళ బిడ్డను. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగమిచ్చి ఇక్కడికి పంపారు. వచ్చాను, రిటైరయ్యాను, ఉండిపోయాను. చేపలు పట్టేవాళ్ళ పాళెం అంచున ఇల్లు కట్టుకున్నప్పుడు, ఆ చుట్టుపక్కల సిమెంటు శ్లాబు వేసిన ఇల్లు నాదొక్కటే. అందరూ నన్ను లైబ్రరీ సారు అంటారు. అక్క మాత్రం అబ్బయా అనేది. ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. పాళెంలో అందరికీ ఆమె అక్కే. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు.

ముప్పై దాటకముందే ఆమె భర్త సముద్రం మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. చినిగిన వలలు బాగుచేయడం ఇక్కడ మగవాళ్ళ పని. ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు, తట్టలో పెట్టుకుని ఊళ్ళమీద అమ్ముతారు. ఈమె ఆ తట్ట ఎత్తుకోకుండా భర్త వాడిన వల సూది చేతిలోకి తీసుకుంది. అదీ ఎడమచేతిలోకి. మొదట్లో పడవలవాళ్ళు నవ్వారట. తర్వాత ఆమె కట్టిన చోట వల మళ్ళీ తెగకపోవడం చూసి నవ్వడం మానేశారు. ఎడమచేత్తో కట్టడం వల్ల ఆమె ముడి మెలిక అందరి ముడులకూ ఎదురుగా తిరిగేది. కుడిచేతివాళ్ళు కడితే దారం కొస కుడివైపు దిగుతుంది, ఆమె కడితే ఎడమవైపు. ఇసుకలో పరిచిన వలను దూరం నుంచి చూసి "ఇది అక్క కట్టిన జాగా" అని చూపించేవాళ్ళు.

ఆమె పనిచేసేది మా ఇంటి వసారాలో. వలను మా సిమెంటు స్తంభానికి తగిలించి, ఇటు కొస కాలి బొటనవేలికి బిగించి, గోడకు ఆనుకుని కూర్చునేది. ముడి వేసిన ప్రతిసారీ దారాన్ని పంటితో పట్టి ఒక్క గుంజు గుంజేది. కొత్తగా చూసినవాళ్ళకు ఆమె వలను కొరుకుతోందనిపించేది. ఉదయం పదింటికి మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించేది, వద్దన్నా వినేది కాదు. ఆ సమయానికి నేను పేపరు తీసేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. రాజకీయాలు అక్కర్లేదు. కోర్టు వార్తలు కావాలి.

"ఏందబ్బయా, ఈ పొద్దు ఎవురికి ఎన్నేళ్ళు ఏసినారు?"

"ఒకడికి మూడేళ్ళు పడ్డాయి."

"ఎవుర్ది ఎత్తినాడు?"

"బ్యాంకుది."

"బ్యాంకుకి ఏడుపొస్తదా? దానికెందుకు మూడేళ్ళు?"

ఒకరోజు, పింఛను తెచ్చుకుంటున్న ముసలామె చేతిలో సంచీ లాక్కుపోయినవాడికి ఆరు నెలలు శిక్ష పడిందని చదివాను. అక్క సూది ఆపింది.

"ఆర్నెల్లేనా?"

"సంచీలో ఉన్నది కొంచెమేగా."

"దానికింక బతికేదెంతని? ఆ మిగిలినదాంట్లో సగం ఎత్తకపోయినాడు గదా వాడు. వయసోడిది పోతే మళ్ళా తెచ్చుకుంటాడు. మాది పోతే పోయినట్టే. ఇద్దురికీ ఒకటే శిక్షా?"

నేను చదువుకున్నవాణ్ణి కదా, వివరించబోయాను. "చట్టానికి అందరూ సమానమే అక్కా."

"సముద్రానికి గూడా అందురూ సమానమే. అందుకే గదా ముసిలోళ్ళని పడవెక్కించం" అని మళ్ళీ సూది తీసుకుంది.

నేర శాస్త్రం మీద మా గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. శిక్షలు ఎందుకు వేస్తారు, ఎంత వేయాలి అన్నదాని మీద పెద్దవాళ్ళు వాదించుకున్నది చదివాను. ఆ వసారాలో కాలి బొటనవేలికి వల బిగించుకుని ఆమె అన్న మాటకు వాటిలో జవాబు దొరకలేదు. దొరకలేదని ఆ రోజు ఒప్పుకోలేదు. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాను.

ఇక అసలు సంగతి.

మా దగ్గర ఒక వాడుక ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే, గుడిసెల్లో, రేకుల ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు షెల్టరుకు పోయే ముందు తమ విలువైనవి మూట కట్టి శ్లాబు ఇంట్లో పెట్టి పోతారు. షెల్టరులో వందలమంది ఒకరి మీద ఒకరు పడి ఉంటారు, అక్కడ మూట భద్రం కాదు. మా ముందుగదిలో ఒక్కోసారి పది పన్నెండు మూటలు ఉండేవి. చీటీ ఉండదు, సాక్షి ఉండడు. ఎవరి ముడి వాళ్ళకు గుర్తు. ఎవరి మూటలో ఏముందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అడగడం తప్పు.

మూడేళ్ళ కిందట కార్తీకంలో తుఫాను వచ్చింది. అప్పుడు మా ఇంట్లో నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఉంటున్నాడు. యాభై దాటినవాడు. పోర్టు వైపు ఏదో కాంట్రాక్టు పని అని వచ్చి, పని పోయాక కూడా కదల్లేదు. మాట తీపి. అక్కను పెద్దమ్మా పెద్దమ్మా అనేవాడు. ఆమె కాఫీ గ్లాసు కడగబోతే చేతిలోంచి లాక్కుని తనే కడిగేవాడు. మా ఆవిడ అది చూసి ఎంత మంచివాడో అని పొంగిపోయేది. నేనూ పొంగిపోయాననే రాయాలి.

ఆ రోజు మధ్యాహ్నం గాలి మొదలయ్యాక అక్క తన మూట తెచ్చింది. పాత చీర ముక్కలో కట్టి, దాని మీద వల దారం రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. బావమరిది చేతికిస్తూ నవ్వుతూ ఒక మాట అంది. "అబ్బోడా, జాగర్త. నా చావు ఖర్చు దాంట్లోనే ఉండాది."

మూటలో ఏముందో ఎవరూ చెప్పరని రాశాను కదా. ఆమె చెప్పింది. పెద్దమ్మా అన్నవాణ్ణి బిడ్డ అనుకుంది. ఎనభై ఏళ్ళ జీవితంలో ఆమె చేసిన పొరపాటు నాకు తెలిసి అదొక్కటే.

ఆ చావు ఖర్చు అంటే ఒక జత బంగారు కమ్మలు. ఏళ్ళ తరబడి వలలు కట్టి చేయించుకున్నవి. తనను మోసుకుపోయేందుకు పడవల మీద చందా ఎత్తకూడదని ఆమె పట్టుదల. "బతికినన్నాళ్ళు ఎవురి కాడా చెయ్యి చాపలా, పండుకున్నాక చాపతానా?" అనేది.

నేనూ మా ఆవిడా కూడా షెల్టరుకే వెళ్ళాం. మా ఇల్లు నిలుస్తుందని తెలిసినా అధికారులు ముసలివాళ్ళను ఉండనివ్వలేదు. బావమరిది ఒక్కడూ ఇంటికి కాపలా ఉంటానన్నాడు. ఎంత ధైర్యం అనుకున్నాం.

మర్నాడు గాలి తగ్గాక అందరూ వచ్చి ఎవరి మూట వాళ్ళు తీసుకున్నారు. అక్క తన మూట చేతిలోకి తీసుకుంది. చూసింది. మళ్ళీ కింద పెట్టింది.

"ఇది నా ముడి గాదు."

మూట విప్పలేదు. విప్పకముందే ఆ మాట అంది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

తర్వాత అందరి ముందూ విప్పింది. చీర ఉంది, ఇంటి పట్టా కాగితం ఉంది, భర్త ఫొటో ఉంది. కమ్మలు లేవు. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ తమ తమ మూటలు తడుముకున్నారు. బావమరిది గుండెలు బాదుకున్నాడు. "పెద్దమ్మా, నేను కన్ను మూయలేదు పెద్దమ్మా!" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను చదువుకున్నవాణ్ణి, ఆ ఇంటి యజమానిని, ఎవరి పక్షమూ లేనివాణ్ణి. నేను అన్నాను: "అక్కా, గాలివానలో కంగారుగా కట్టి ఉంటావు. కమ్మలు ఇంకెక్కడైనా పెట్టి మరిచిపోయావేమో చూడు."

మరిచిపోయావేమో. ఆ మాట మొదట అన్నది పోలీసులు కాదు, ఊరు కాదు. నేను.

అయినా ఆమె స్టేషనుకు పోదామంది. ఆటోలో నేనే తీసుకెళ్ళాను, నా నిష్పక్షపాతం నలుగురికీ కనబడాలి కదా. అక్కడ హెడ్డు కానిస్టేబులు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. మర్యాదస్తుడే.

"అవ్వా, కమ్మలు మూటలోనే పెట్టినావని గ్యారంటీనా?"

"నా చెవులు నా తలకే ఉండాయా అని గూడా అడగతావా నాయనా?"

అతను నవ్వాడు. "ముడి తేడాగా ఉండాదని కేసు రాస్తే పైవోళ్ళు నన్ను నవ్వుతారు అవ్వా. ముడిదేముంది, ఎవురు కట్టినా ముడే గదా."

"నువ్వొకటి కట్టు, నేనొకటి కడతా. పక్కన పెట్టి చూడు. చూసేదానికి చదువక్కర్లా."

అతను దారం కోసం వెతకలేదు. నావైపు తిరిగాడు. "సారు ఏమంటారు?"

"ఎనభై వచ్చాయి. తుఫాను కంగారు. మరిచిపోయి ఉండొచ్చు" అన్నాను.

కాగితం మీద ఒక్క ముక్క రాయకుండానే అయిపోయింది. టీ బాగుంది.

తిరిగి వచ్చాం. ఆటో దిగాక, చీర కొంగు సర్దుకుని, మెల్లగా అంది: "కమ్మలు దొంగ తీసకపోయినాడు. నా మతి మాత్రం నువ్వు తీసకపోయినావబ్బయా."

ఆ మాట నాకు కోపం తెప్పించింది. ముసలితనం చాదస్తం అనుకున్నాను. నాకప్పటికి డెబ్బై ఆరు.

తర్వాతి రెండేళ్ళలో జరిగింది చెబుతాను. దొంగతనం కంటే అది పెద్దది. అక్కకు మతి తప్పిందని ఊరంతా నమ్మింది. ఆమె కట్టిన వలను పడవలవాళ్ళు ఇంకొకరి చేత సరిచూపించడం మొదలుపెట్టారు. తర్వాత మర్యాదగానే పని ఇవ్వడం తగ్గించారు. ఆమె కూతురు, మంచి పిల్లే, అమ్మ పొయ్యి వెలిగించి మరిచిపోతుందేమోనని అగ్గిపెట్టె దాచింది. ఎనభై ఏళ్ళ మనిషి వేడినీళ్ళు కావాలంటే కూతురు వచ్చేదాకా కూర్చోవలసి వచ్చేది. ఆమె ఏం చెప్పినా వినేవాళ్ళు ముందు తల ఊపి, తర్వాత పక్కనున్నవాళ్ళను చూసేవారు. మా వసారాలోకి ఆమె మళ్ళీ రాలేదు. దొరికిన నాలుగు వలలూ షెల్టరు మెట్ల మీద కూర్చుని కట్టుకునేది. అక్కడ స్తంభం లేదు. కిటికీ ఊచకు తగిలించుకునేది.

మా ఆవిడ కొన్నాళ్ళు పదింటికి కాఫీ రెండు గ్లాసులు పెట్టి, ఒకటి పారబోసేది.

పోయిన ఏడు ఒక తిథి చూడవలసి వచ్చి అటక మీది పాత పంచాంగాల కట్ట దించాను. ఎవరూ తెరవని కట్ట. మధ్యలో ఒక చీటీ ఉంది. నెల్లూరులో బంగారం కుదువ పెట్టుకునే దుకాణానిది. ఒక జత కమ్మలు. పేరు నా బావమరిదిది. తేదీ, తుఫాను వెళ్ళిన మూడో రోజు.

అప్పటికి అతను గూడూరు పట్నం చేరి అక్కడ ఉంటున్నాడు. పిలిపించాను. చీటీ చూపగానే ఏడ్చాడు. "విడిపించి పెట్టేద్దామనే అనుకున్నా బావా."

"విడిపించావా?"

"వేలం ఏసేసినారు."

"ఆ ముసలామె మతిపోయిందని ఊరంతా అంటుంటే రెండేళ్ళు విన్నావు గదరా."

"నువ్వే గదా బావా ముందన్నది" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. దొంగ అయినా నిజమే చెప్పాడు.

మా ఆవిడ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. తోడబుట్టినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, జైలుకు పంపుతావా అంది. పంపనన్నాను. అన్నాక, ఒక కవరులో కమ్మల విలువ పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు నీడలో కూర్చుని చిన్న చేపలు బాగుచేస్తోంది.

"అక్కా, నువ్వు చెప్పింది నిజం. ఆ ముడి నీది కాదు." చీటీ సంగతి అంతా చెప్పాను.

ఆమె చేతిలో చేపను పూర్తిగా బాగుచేసి గిన్నెలో వేసింది.

"నాకెందుకు చెప్తుండావబ్బయా? నాకు తెలిసిందే గదా. తెలీనోళ్ళకి చెప్పు."

కవరు ముందు పెట్టాను. చేప చేత్తో ముట్టకుండా మోచేత్తో పక్కకు తోసింది.

"నేను కమ్మలడగలా."

"మరేం చేయమంటావు?"

"హెడ్డుకి చెప్పు. పడవల పెద్దోళ్ళకి చెప్పు. నా కూతురికి చెప్పు. ముగ్గురికి చెప్తే చాలు, నాలుగోవోడికి ఊరే చెప్పద్ది."

"చెబుతాను. కాస్త టైమివ్వు. ఇంట్లో పరిస్థితి…"

"టైమా?" అని నవ్వింది. పళ్ళు కొన్నే ఉన్నా ఆ నవ్వు బాగుండేది. "నా కాడ లేనిది అదొక్కటే గదబ్బయా."

ఆ తర్వాత ఆమె పదకొండు నెలలు బతికింది. ఆ పదకొండు నెలల్లో నేను ఆ ముగ్గురిలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి ప్రతి నెలా ఒక కారణం దొరికింది. చదువుకున్నవాడికి కారణాలకు కరువుండదు.

అంతకంటే సిగ్గుమాలిన పని ఒకటి చేశాను. నెల్లూరులో మాలాంటి రిటైరైనవాళ్ళ సంఘం ఒకటి ఉంది. ముసలివాళ్ళ దగ్గర దొంగిలించేవాళ్ళకు శిక్షలు పెంచాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టాలనుకున్నారు. రాయడానికి నన్ను పట్టుకున్నారు. బాగా రాశాను. దొంగతనం ఇంట్లో జరిగిందా వీధిలోనా అని చోటును బట్టి శిక్ష పెరుగుతున్నప్పుడు, పోగొట్టుకున్న మనిషి నిస్సహాయతను బట్టి ఎందుకు పెరగకూడదని అడిగాను. నమ్మి ఇంట్లో పెట్టుకున్నవాడే దొంగిలిస్తే మరింత పెరగాలన్నాను. వసారాలో అక్క అన్న మాటనే నా మాటగా రాసుకున్నాను. బాధితుల సంతకాలు కూడా ఉంటే బాగుంటుందని సంఘం అధ్యక్షుడు అంటే, ఏ ముఖంతో వెళ్ళానో తెలియదు, ఆమె వేలిముద్ర కోసం వెళ్ళాను.

మొత్తం చదవమంది. చదివాను. కళ్ళు మూసుకుని వింది.

"డబలు శిక్ష అని రాసినావా?"

"రాశాను."

"ఇంట్లోవోడే ఎత్తితే ఇంకా పెద్దదా?"

"అవును."

"ఎత్తినోడిని దాసిపెట్టినోడికి?"

నేను కాగితం వైపు చూశాను, అక్కడ రాసి ఉంటుందేమో అన్నట్టు.

"పోగొట్టుకున్నదాన్ని పట్టుకుని నీకు మతి లేదన్నోడికి?"

"అది… రాయలేదక్కా."

"రాసి తీసకరా. అప్పుడు ఏలిముద్ర ఏస్తా." కోపం లేకుండానే అంది: "ఎవురో తెలీనోడికైతే గట్టి శిక్ష బాగా రాస్తావబ్బయా నువ్వు."

సంఘం సమావేశంలో, ఎవరో అన్నారన్నట్టుగా ఆ మాట ప్రస్తావించాను. అధ్యక్షుడు పెద్దగా నవ్వాడు. "అట్టా రాస్తే మన ఇళ్ళల్లో సగంమంది లోపలికి పోవాల సార్!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె వేలిముద్ర లేకుండానే అర్జీ వెళ్ళింది.

ఆశ్వయుజం చివర్లో మూడు రోజుల జ్వరంతో అక్క పోయింది. పడవకింత అని చందా ఎత్తి సాగనంపారు. నేను వెనకాల, దూరంగా నడిచాను.

పెద్దకర్మ నాడు సంఘం అధ్యక్షుడు కారులో వచ్చాడు. అర్జీకి కారణమైన వృద్ధురాలని ఎవరో చెప్పారట. షామియానా కింద మైకు తీసుకుని పది నిమిషాలు మాట్లాడాడు. "పాపం అమాయకురాలు. చివర్లో మతి కాస్త తప్పినా, మంచి మనసు" అన్నాడు. పడవల పెద్దలు తలలు ఊపారు. కూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నేను లేచాను. మైకు అడగలేదు. ఆమెకు మతి ఎప్పుడూ తప్పలేదని, మూట విప్పకముందే ముడి తనది కాదని ఆమె చెప్పిందని, మతిమరుపు మనిషి విప్పని మూటలో లేనిదాన్ని ఎలా కనిపెడుతుందో ఆలోచించమని చెప్పాను. కమ్మలు తీసింది నా బావమరిది అని, మరిచిపోయిందని మొదట అన్నది నేనని, నిజం తెలిశాక పదకొండు నెలలు దాచింది నేనేనని చెప్పాను. జేబులోంచి చీటీ తీసి పడవల పెద్ద చేతిలో పెట్టాను. ఆయన చదవలేదు. తిరగేసి, మళ్ళీ తిరగేసి, పక్కవాడికి ఇచ్చాడు.

ఎవరైనా తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. కూతురు ఒక్కతే మాట్లాడింది.

"అమ్మ ఉండగా చెప్పుంటే, అగ్గిపెట్టె దాని కాడే ఉంచేదాన్ని గదా సారూ."

మర్నాడు స్టేషనుకు వెళ్ళి అన్నీ రాసి ఇచ్చాను. పాత హెడ్డు బదిలీ అయిపోయాడు. కొత్తవాడు చదివి, "ఫిర్యాదుదారే లేదు గదా సార్, ఇప్పుడెందుకు?" అన్నాడు. తీసుకోక తప్పదని చెప్పి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. అది ఎటు పోతుందో తెలియదు. మా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. బావమరిది ఫోను ఎత్తడు.

శిక్షలు పెంచాలా? పెంచాలి. ముసలివాళ్ళ దగ్గర దొంగిలించినవాడు తిరిగి సంపాదించుకోలేని దాన్ని తీసుకుపోతున్నాడు, దానికి బరువు ఎక్కువ ఉండాల్సిందే. నా అర్జీలో ప్రతి మాటకూ ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కానీ అక్క అడిగిన రెండూ అందులో లేకపోతే అది సగం చట్టమే. ముసలివాళ్ళు పోయిందన్న ప్రతిసారీ, పోలేదు మరిచిపోయారు అని చెప్పేవాడు ఒకడు దొరుకుతాడు. సాధారణంగా కాస్త చదువుకున్నవాడు, గౌరవంగా బతికేవాడు. దొంగకు అంతకంటే మంచి వకీలు ఉండడు. సంఘానికి ఆ రెండు మాటలూ కలిపి కొత్త అర్జీ రాసి పంపాను. జవాబు లేదు. అధ్యక్షుడు నవ్వి ఉంటాడు.

మొన్న మళ్ళీ వాయుగుండం హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి సన్నగా చినుకు మొదలైంది. అలవాటుగా ముందుగది ఊడ్చి, తలుపు బార్లా తెరిచి గుమ్మంలో నిలబడ్డాను. పాళెం ఆడవాళ్ళు మూటలు చంకన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళారు. ఒకరి వెనుక ఒకరు, తలల మీద గోనె సంచులు కప్పుకుని. ఎవరూ లోపలికి చూడలేదు. చివర్లో అక్క కూతురు వచ్చింది. మా గుమ్మం దాకా వచ్చి ఆగింది. మూటను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఒక్కురే నిలబడినారేంది సారూ? గాలి పెరగతాది. ఇంట్లో అమ్మగారిని తీసుకుని మీరు గూడా వచ్చేయండి" అంది.

వెళ్ళాం. షెల్టరులో కింది వరండాలో గోడ పక్కన చోటిచ్చారు. మా ఆవిడ నాకు దూరంగా, అవతలి గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. బయట చినుకు వానైంది. నా చుట్టూ ముసలి ఆడవాళ్ళు బారుగా కూర్చున్నారు, కాళ్ళు చాపుకుని, ఎవరి మూట వాళ్ళ ఒళ్ళో పెట్టుకుని. మాటలు నడుస్తున్నాయి, తమలపాకులు చేతులు మారుతున్నాయి, ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వుతున్నారు. నవ్వుతున్నప్పుడు కూడా ఒక్క చెయ్యీ మూట మీది నుంచి లేవలేదు.